అరవై మంది కావాలి

ఆ వేసవిలో మా ఊళ్ళో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరి నిలబడేవి. సరి నంబరు బండ్లకు ఒకరోజు, బేసి నంబరు బండ్లకు ఒకరోజు అని వంతులు పెట్టారు. జనం పొద్దున్నే ఫ్లాస్కుల్లో కాఫీ పోసుకుని వచ్చి, ఆ వరసల్లో కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్పుకునేవారు. మా బడి మూతపడబోతోందన్న మాట ఆ వరసల్లోనే పుట్టి ఉంటుందని నేను చాలా రోజులు అనుకున్నాను. అది నిజంగా ఎక్కడ పుట్టిందో నాకు తెలిసేసరికి ఆగస్టు సగం గడిచిపోయింది.

అది పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న మా చిన్న ఊళ్ళో యూదు పిల్లలకు ఉన్నది ఒకటే బడి. పొద్దున హీబ్రూ, మా ధర్మగ్రంథం తోరా. మధ్యాహ్నం లెక్కలు, ఇంగ్లీషు. ఆ బడి ఆఫీసులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. పిల్లల పేర్లు రాసుకోవడం, హాజరు పట్టీలు చూడటం, జ్వరం వచ్చినవాణ్ణి ఇంటికి పంపడం, అన్నీ నా పనే.

జూన్ ఆఖరి వారంలో మా ప్రిన్సిపాల్, మా మతగురువు కూడా అయిన రబ్బీ హెలర్ నన్ను లోపలికి పిలిచి ఒక ఉత్తరం చూపించారు. ఊరి యూదు సంఘం రాసింది. సెప్టెంబరులో బడి తెరిచే రోజుకి కనీసం అరవై మంది పిల్లలు లేకపోతే ఇక తెరవొద్దని, పిల్లల్ని ప్రభుత్వ బళ్ళలో చేర్చి, సాయంత్రాలు ప్రార్థన మందిరంలో హీబ్రూ చెప్పించుకోవచ్చని అందులో ఉంది. మార్చిలో పేర్లిచ్చినవాళ్ళు అరవై నలుగురు. ఇంకా నలుగురు ఎక్కువే ఉన్నారు కదా అన్నాను. రబ్బీ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"హిండా, మన ఊళ్ళో నలుగురు పిల్లలంటే ఒక్క ఇల్లు. ఒక్క ఇంటి ముందు సామాన్ల లారీ ఆగితే చాలు."

ఆయన చెప్పింది నిజమే. పాత హాజరు పట్టీలన్నీ నా బీరువాలోనే ఉన్నాయి. పంతొమ్మిది వందల యాభై ఒకటిలో మందిరం కింది గదిలో బడి మొదలైనప్పుడు పంతొమ్మిది మంది పిల్లలు. యూరపులో యుద్ధం నుంచి బతికి బయటపడి వచ్చినవాళ్ళు పెట్టిన బడి అది. బెంచీలు భుజాన మోసుకొచ్చిన వాళ్ళలో మా నాన్న ఒకడు. అప్పట్లో ఊళ్ళోని పాత యూదులే ముక్కు విరిచారట. పిల్లల్ని ఇలా వేరే పెట్టి చదివిస్తే వాళ్ళు అమెరికా వాళ్ళెప్పుడవుతారని. అయినా అరవై నాలుగో సంవత్సరం నాటికి నూట పన్నెండు మంది అయ్యారు, కొత్త కట్టడం లేచింది. ఆ తర్వాత ఏటా కొందరు తగ్గుతూ వచ్చారు. ఉక్కు మిల్లులు చల్లబడ్డాయి, కుర్రవాళ్ళు క్లీవ్‌లాండుకో షికాగోకో పోయి అక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. మా ఆయన లాజర్ నవ్వుతూ అనేవాడు, మీ బడి బాగా చదువు చెబుతుంది కాబట్టే ఊరు ఖాళీ అవుతోందని.

లాజర్ పెద్దవీధిలో ఫర్నిచరు దుకాణంలో పనిచేసేవాడు. దుకాణం యజమాని ముసలివాడైపోయాడు, ఆ శీతాకాలానికి మూసేస్తానని చెప్పేశాడు. కొలంబస్‌లో లాజర్ పినతండ్రి కొడుకు రమ్మంటున్నాడు. వసంతంలో లాజర్ నన్ను మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఒకే జవాబు చెప్పాను. మా నాన్న పెట్టిన బడి ఉన్నన్నాళ్ళూ నేను ఈ ఊరు కదలను, బడి మూసిన రోజున పెట్టె సర్దుతాను అని. మూడోసారి తర్వాత అతను మళ్ళీ ఆ ఊసెత్తలేదు. సమాధానపడ్డాడనుకున్నాను.

జూలై మొదటి వారంలో ఫోన్లు మొదలయ్యాయి. ముందు ఒక తల్లి, నాలుగు రోజులకు ఇంకొకామె, మరునాడు ఒక తండ్రి. అందరిదీ దాదాపు ఒకే మాట. బడి తెరవరట కదా, చివరి నిమిషంలో మా పిల్ల ఎక్కడికి పోతుంది, అందుకని ప్రభుత్వ బడిలో పేరు రాయించేశాం, ఏమీ అనుకోవద్దు. తెరుస్తాం, పిల్లలు సరిపడా ఉన్నారు అని నేను చెప్పేదాన్ని. అవతల మర్యాదగా ఊఁ కొట్టి ఫోన్ పెట్టేసేవారు. ఆ 'అట' ఎవరి నోటి నుంచి వచ్చిందని అడిగితే మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. ఎవరో అన్నారులే అనేవారు.

అరవై నాలుగు అరవై ఒకటయింది, జూలై పదిహేనుకల్లా యాభై ఎనిమిదయింది.

నన్ను కలవరపెట్టింది అంకె కాదు. ఫోన్ చేసినవాళ్ళంతా మొదటినుంచీ ఊగిసలాడుతున్నవాళ్ళే. కొడుక్కి హీబ్రూ తలకెక్కడం లేదని దిగులుపడే తల్లి, ఇరవై మైళ్ళ నుంచి పిల్లల్ని దింపడానికి పెట్రోలు దొరక్క విసిగిపోయిన తండ్రి. గట్టిగా నిలబడే ఇళ్ళ జోలికి ఎవరూ పోలేదు. ఏ ఇంటి గోడకు ఎక్కడ పగులుందో తెలిసిన మనిషి ఎవరో సరిగ్గా అక్కడే తడుతున్నాడు. ఆ సంగతులు తెలిసేది మా ఆఫీసుకే. ఆఫీసులో ఉన్నది నేను, రబ్బీ గారు. ఇంకా, మే నెల నుంచి, రైసా గుర్విచ్.

రైసా సోవియట్ దేశం నుంచి, చెర్నోవ్‌త్సీ అనే ఊరి నుంచి వచ్చింది. ఆ ఏడాది అలాంటి కుటుంబాలు మా ఊరికి ఇరవై దాకా వచ్చాయి. భర్త లేడు, ఇన్నా అని తొమ్మిదేళ్ళ కూతురు. అక్కడ ఆమె లెక్కల టీచరు. ఇంగ్లీషు వంటబడుతుందని వారానికి నాలుగు పొద్దులు మా ఆఫీసులో సాయానికి వచ్చేది. కాగితాలు సర్దేది, కవర్ల మీద చిరునామాలు రాసేది. పని చక్కగా చేసేది. కానీ ఊరికే ప్రశ్నలు వేసేది. మూడో తరగతిలో ఎంతమంది? ఐదులో ఆడపిల్లలు ఇద్దరేనా? ఈ వారం ఎవరు వెళ్ళిపోయారు? నేను చెప్పిందంతా గోధుమరంగు అట్ట ఉన్న చిన్న పుస్తకంలో తమ రష్యన్ అక్షరాలతో రాసుకునేది. నేను దగ్గరికి వస్తే పుస్తకం మూసేది.

మొదట్లో నేనేమీ అనుకోలేదు. జూలైలో అనుకోవడం మొదలుపెట్టాను. ఒకసారి మొదలైతే ఇక ప్రతిదీ అటే వేలు చూపింది. కుటుంబాల కార్డులుండే సొరుగు ఒకరోజు కాస్త తెరిచి కనిపించింది. ఇంకోరోజు నేను ఫోన్లో మాట్లాడుతుంటే ఆమె కలం ఆగిపోయింది. ఊళ్ళో చాలామందికి ఆ వచ్చినవాళ్ళ మీద నమ్మకం లేదు. వాళ్ళకి శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినానికి దీపాలు పెట్టడం రాదని, వాళ్ళలో సగం మంది యూదులే కాదని, అమెరికా రావడానికి అలా చెప్పుకున్నారని గుసగుసలు. రబ్బీ గారు కూడా రష్యా పిల్లల్ని చేర్చుకునే ముందు, యూదులేనని రుజువుగా వాళ్ళ అమ్మమ్మల పెళ్ళి పత్రాలు అడిగేవారు. పత్రాలు ఎక్కడివి? అవి యుద్ధంలో తగలబడి నలభై ఏళ్ళయింది.

నా అనుమానాలన్నీ నేను చెప్పుకునేది లాజర్‌కే. రోజూ రాత్రి భోజనాల దగ్గర మా పదేళ్ళ కూతురు షిఫ్రా తిని ఆటకు పోయాక, ఆ రోజు ఎవరు మెత్తబడ్డారో, ఎవరిని రేపు నేను వెళ్ళి కలవాలో ఒక్కటీ దాచకుండా చెప్పేదాన్ని. అతను శ్రద్ధగా వినేవాడు. రైసా గురించి చెప్పినప్పుడు మాత్రం చెంచాతో పళ్ళెం మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"పాపం, కొత్తగా వచ్చిన మనిషి. తొందరపడకు," అన్నాడు.

అంత మంచివాడు నాకు భర్తగా దొరికాడని అనుకున్నాను.

ఆగస్టు రెండున మా ఉపవాసం వచ్చింది. జెరూసలేం ఆలయం కూలిన రోజు. తోలు చెప్పులు వదిలేసి, మందిరంలో నేల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా విలాపగీతాలు చదువుకుంటాం. రైసా ఇన్నాని తీసుకుని వచ్చింది. అందరూ నేల మీద ఉంటే తనొక్కతే గోడవార కుర్చీలో కూర్చుని, చుట్టూ చూసి, మెల్లగా లేచి బయటికి నడిచింది. నేనూ లేచాను. ఆ రోజు ప్రార్థన మధ్యలో లేచి ఒకరి వెనక వెళ్ళినందుకు నాకు ఇప్పటికీ సిగ్గే. రోడ్డు అవతల ఫోన్ డబ్బాలో నిలబడి రైసా ఆ గోధుమరంగు పుస్తకంలోంచి చూసి చదువుతూ ఎవరితోనో గబగబా మాట్లాడుతోంది. ఒక పేజీ తిప్పింది, ఇంకో నంబరు తిప్పింది. ఇన్నా డబ్బా అద్దం తలుపు దగ్గర కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉంది. నన్ను చూసి, అద్దం మీద వేలితో కొట్టింది. రైసా ఫోన్ పెట్టేసింది.

నాకు ఇక చాలనిపించింది. మరునాడు పొద్దున్నే రబ్బీ గారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, బడి కమిటీలోంచి పోమెరాంట్జ్ గారిని, ఇంకో ఇద్దరిని పిలిపించారు. పోమెరాంట్జ్ గారు పెద్దాయన, మా నాన్నతోపాటు బెంచీలు మోసినవాడు, బేకరీ యజమాని. రైసా లోపలికి వచ్చేసరికి నలుగురు మగవాళ్ళు, నేను, ఖాళీగా ఒక కుర్చీ. ఆమె కూర్చోలేదు.

రబ్బీ గారు మెత్తగానే అడిగారు, ఆ పుస్తకంలో ఏముందని. ఆమె నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"పేర్లు," అంది.

"ఎవరి పేర్లు? చూపిస్తావా?"

"చూపించను. ఇది నాది."

పోమెరాంట్జ్ గారు కుర్చీలో ముందుకు వంగారు. "అమ్మాయ్, ఇందులో దాచేదేముంది? మన పిల్లల పేర్లు ఎవరికోసం రాస్తున్నావ్?"

ఆమె పుస్తకాన్ని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. ఇంగ్లీషు వెతుక్కుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. ఒక్క మాట అందించి ఉండొచ్చు నేను, అందించలేదు. చివరికి రబ్బీ గారు, ఇక నుంచి ఆఫీసుకు రానక్కర్లేదమ్మా అన్నారు. తలుపు తెరిచే ఉంది. బయట బల్ల మీద ఇన్నా కూర్చుని అంతా వింది. ఆ పిల్లకు వాళ్ళమ్మకంటే ఇంగ్లీషు బాగా వచ్చు.

ఆ రోజు సాయంత్రం శుక్రవారపు దీపాలు వెలిగిస్తూ, పీడ వదిలిందనుకున్నాను. లాజర్‌కి అంతా చెప్పాను. రొట్టె కోస్తూ ఉండిపోయాడు.

కానీ పీడ వదల్లేదు. తరువాతి వారం మళ్ళీ రెండిళ్ళ వాళ్ళు ఫోన్ చేశారు. అప్పటికి యాభై ఐదుకు దిగిన లెక్క యాభై మూడయింది. పుస్తకం పట్టుకుపోయింది కదా, ఇంటి నుంచి చేస్తోందన్నాను. ఆమె ఇంట్లో ఫోనే లేదన్న సంగతి నాకు గుర్తు రాలేదు. అనుమానంలో ఉన్న మనిషికి పనికొచ్చేవే గుర్తుంటాయి.

ఆగస్టు పద్నాలుగున ఎల్కా నుస్బామ్ ఆఫీసుకు వచ్చింది. మా వీధి చివరి ఇల్లే. ఇద్దరు కొడుకులు, మూడో తరగతి, ఐదో తరగతి. బదిలీ కాగితాలు కావాలంది. నేను వారం కిందట ఆమె ఇంటికి వెళ్ళి బతిమాలి వచ్చాను, చూద్దాం అంది కూడా. ఇప్పుడు నా మొహం చూడలేక, పెట్రోలు సంగతి, వేడి సంగతి మాట్లాడుతోంది. నేను టైపు మిషన్లో కాగితం ఎక్కించి పెద్దవాడి పేరు కొడుతున్నాను.

"నువ్వు ఏమీ అనుకోకు హిండా," అంది. "నీ ఉద్యోగం కాబట్టి నువ్వు బయటికి చెప్పకూడదు. నాకు అర్థమైంది. మీ ఆయన చెప్పబట్టి సరిపోయింది కానీ, లేకపోతే మాకు ప్రభుత్వ బడిలో సీట్లు దొరికేవి కావు."

"ఏమన్నాడు?"

"అదే. నువ్వు ఇంట్లో బాధపడుతున్నావని, ఇక తెరిచేది లేదని నీకు ముందే తెలుసని. మందిరం మెట్ల మీద నిలబెట్టి చెప్పాడు. మంచి మనిషి, లాజర్."

నేను పెద్దవాడి పేరు పూర్తిచేశాను. పుట్టినరోజు కొట్టాను. తరువాత చిన్నవాడిది. రెండు కాగితాల మీదా బడి ముద్ర వేసి, మడిచి, కవర్లో పెట్టి ఇచ్చాను. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను కూడా. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాక, నేను పదకొండేళ్ళుగా కూర్చునే ఆ కుర్చీ ఎవరిదో అన్నట్టు అనిపించింది. ఫోన్లు చేసిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటే తలచుకున్నాను. ప్రతి ఇంటి సంగతీ, వాళ్ళు ఫోన్ చెయ్యడానికి రెండు మూడు రోజుల ముందు, నేను మా వంటింట్లో చెప్పినదే.

ఆ సాయంత్రం షిఫ్రా ఆటకు పోయేదాకా ఆగాను.

"ఎల్కాకి ఏం చెప్పావ్?" అన్నాను.

లాజర్ ఫోర్కు కింద పెట్టాడు. కాదనలేదు. కాదంటాడేమోనని నేను లోపల ఎక్కడో ఆశపడ్డాను.

"నువ్వు చెప్పిందే చెప్పాను. అరవై రాకపోతే తెరవరని నువ్వే అన్నావు. నేనేమీ కల్పించలేదు."

"నేను చెప్పింది నీకు."

"మూడుసార్లు అడిగాను హిండా. బడి మూసిన రోజున వస్తానన్నావు. అంతకు తప్ప నాకు వేరే దారి వదిలావా? డిసెంబరు నుంచి నేను ఎక్కడికి పోవాలి? ఇంకో రెండేళ్ళకైనా అది మూతపడేదే. నేను మూస్తున్నానా? మూతపడేదాన్ని కాస్త ముందుకు జరిపాను."

నేను అన్న మాటే అది. నా మొండితనాన్ని అతను ఒక తాళంలా చూశాడు, తీసే చెవి వెతుక్కున్నాడు. అంతవరకు అర్థం చేసుకోగలను.

"రైసా సంగతి చెప్పానుగా," అన్నాను. "ఆమెను నలుగురి ముందు నిలబెట్టారని చెప్పాను. నువ్వు రొట్టె కోస్తూ కూర్చున్నావు."

అతను పళ్ళెం పక్కకి జరిపాడు. "తొందరపడకని చెప్పాను," అన్నాడు, తనకే వినపడనంత చిన్నగా.

మరునాడు రైసా ఇంటికి వెళ్ళాను. బట్టలుతికే షాపు పైన మూడో అంతస్తు, మెట్ల నిండా సబ్బు వాసన. తలుపు తీసిన ఇన్నా నన్ను చూసి లోపలికి పరిగెత్తింది. రైసా వచ్చి, కాసేపు గుమ్మంలో నిలబెట్టి, తరువాత లోపలికి రానిచ్చింది. గాజు గ్లాసుల్లో టీ పోసి, చెర్రీపళ్ళ పాకం చిన్న గిన్నెలో పెట్టింది. అతిథి వచ్చాక అది చెయ్యకుండా ఉండలేని మనిషి కాబట్టి చేసింది. నా కోసం కాదు.

జరిగిందంతా చెప్పాను. మా ఆయన పేరుతో సహా. ఆమెకు అర్థం కానిచోట ఇన్నా రష్యన్లో చెప్పింది. ఒక పసిపిల్ల నోటి నుంచి నా తప్పు ఇంకో భాషలో వినడం చాలా కష్టంగా ఉంది.

రైసా విని, తాపీగా లేచి ఆ పుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది. అక్షరాలు నాకు తెలియవు, అంకెలు తెలుస్తాయి. ఆమె వేలు పెట్టి చెప్పింది. పద్నాలుగు మంది పిల్లలు. అందరూ వాళ్ళ దేశం నుంచి వచ్చిన ఇళ్ళవాళ్ళు. పేరు, వయసు, పక్కనే ఏ తరగతి, ఆ తరగతిలో ఎంతమంది ఉన్నారు. తల్లులు భయపడుతున్నారట, పిల్లలు ఒంటరిగా పడిపోతారేమోనని. ఫలానా తరగతిలో ఇద్దరే ఆడపిల్లలు, మీ అమ్మాయి మూడోదవుతుంది అని చెబితే ఒప్పుకునేవారట. ఉపవాసం రోజు ఫోన్ చేసింది కూడా వాళ్ళకే. పిల్లలకు బడి చూపించడానికి తీసుకొస్తామన్నారు, ఆ రోజు తినుబండారాలు పట్టుకుని రావద్దు, ఇక్కడ ఎవరూ తినడం లేదు అని చెప్పడానికి.

"మాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"అందరూ సంతకం పెట్టిన తర్వాత చెబుదామనుకున్నాను. ముందే చెప్పి, వాళ్ళు రాకపోతే? అబద్ధాలకోరు అంటారు." టీ ఒక గుక్క తాగింది. "మా ఊళ్ళో మా ఇంటి మెట్ల కింద ఒకావిడ ఉండేది. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, శుక్రవారం ఎవరింట్లో దీపం వెలిగింది, అన్నీ రాసేది. ఇరవై ఏళ్ళు ఆవిడని చూసి భయపడ్డాను. మీకు నేను ఆవిడలా కనిపించాను."

క్షమించమన్నాను. ఆమె తల ఊపింది, అవునని కాదు, విన్నానని.

"నలుగురి ముందు అడిగారు. నలుగురి ముందు చెప్పండి."

అది చెయ్యాలంటే లాజర్ పేరు బయటపెట్టాలి. మా ఊళ్ళో అలాంటి మాట ఒకసారి బయటికి వస్తే మనిషి చచ్చేదాకా వెంట ఉంటుంది. ఆమె ఇంటి నుంచి మా ఇంటికి రెండు వీధులు. ఆ రెండు వీధులూ నడుస్తూ, పేరు చెప్పకుండా చెప్పే దారి ఏదైనా ఉందా అని వెతికాను. ఎవరో అని చెప్పొచ్చు. పొరపాటు జరిగిందని చెప్పొచ్చు. అలా చెబితే ఊరు మళ్ళీ ఎవరని చూస్తుంది, మళ్ళీ ఆ మూడో అంతస్తు వైపే చూస్తుంది.

కమిటీ అదే గదిలో కూర్చుంది. రైసాని రమ్మని నేనే కబురు పెట్టాను. వచ్చింది, గోడవార నిలబడింది. నేను పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ఆ పుకారుతో ఈమెకు సంబంధం లేదని, నేను తప్పుగా అనుమానించి తప్పుగా చెప్పానని, ఈమె మన బడి కోసం పిల్లల్ని పోగుచేస్తోందని అన్నాను. రబ్బీ గారు తల దించుకున్నారు.

"మరి ఎవరు?" అన్నారు పోమెరాంట్జ్ గారు.

"లాజర్."

"ఏ లాజర్?"

"మా ఆయన."

పోమెరాంట్జ్ గారు మా నాన్న స్నేహితుడు, నా పెళ్ళిలో మా నాన్న పక్కన నిలబడ్డవాడు. ఆయన లేచి, నా దగ్గరికి రాబోయి, ఆగి, రైసా దగ్గరికి వెళ్ళి కుర్చీ జరిపారు. ఆమె ఈసారి కూర్చుంది.

ఆ శనివారం మందిరంలో లాజర్‌కి అటూ ఇటూ రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇంటికి వచ్చాక అతను కోటు విప్పకుండానే కూర్చున్నాడు.

"నా పేరు చెప్పకుండా కూడా ఆమెను కాపాడొచ్చు నువ్వు," అన్నాడు.

"అప్పుడు ఆమె పేరే మిగిలేది."

సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే సెలవు, దానికి ముందు ఆదివారం అతను కారు సర్దుకుని కొలంబస్ వెళ్ళాడు. బంకు దగ్గర వరస ఉంటుందని చీకటితోనే బయలుదేరాడు. శుక్రవారాలు వస్తానని షిఫ్రాకి మాటిచ్చాడు. కొన్నాళ్ళు వచ్చాడు. అప్పుడప్పుడు మేమూ వెళ్ళేవాళ్ళం. మేమిద్దరం తెంచుకోలేదు, కలిసీ ఉండలేదు. చాలా ఏళ్ళు అలాగే గడిచాయి. షిఫ్రాకి నేను ఎప్పుడూ కారణం చెప్పలేదు. బడిలో పిల్లలే చెప్పి ఉంటారు.

బడి తెరిచే రోజు మంగళవారం. యాభై మూడులో ఎల్కా కొడుకులు పోయి యాభై ఒకటి అయింది. విషయం తెలిశాక సిగ్గుపడి ఎల్కాయే వాళ్ళని తిరిగి తీసుకొచ్చింది, ఇంకో ఇంటివాళ్ళూ ఇద్దర్ని పంపారు. ముందురోజు సాయంత్రానికి యాభై ఐదు. రష్యా తల్లుల నుంచి కబురు లేదు. రబ్బీ గారు ఇక పత్రాలు అడగనని స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చారు. అయినా ఏం జరిగిందో ఆ ఇళ్ళన్నింటికీ తెలుసు.

ఎనిమిది గంటలకు నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఎనిమిదీ పదికి వీధి మలుపులో వాళ్ళు కనిపించారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఇస్త్రీ మడతలు విడని చొక్కాలతో, వరసగా ఏడుగురు పిల్లలు. ముందు రైసా. పక్కన ఇన్నా, జుట్టుకి తెల్ల రిబ్బన్లు కట్టుకుని. పద్నాలుగు మందిలో ఏడుగురే. మిగతా ఏడుగురి తల్లులు ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదట.

రైసా పిల్లల్ని ఒక్కొక్కరినే ముందుకు తోసి పేరు చెప్పింది, నేను రాసుకున్నాను. బోరిస్‌కి పాలు పడవు. సోన్యా ఎక్కువ మాట్లాడదు, తొందరపెట్టొద్దు. ఈ ఇద్దరూ అక్కచెల్లెళ్ళు, విడదీయకండి. నేను అన్నీ రాశాను. అరవై రెండు అయ్యారు. గుమ్మంలో నిలబడ్డ రబ్బీ గారికి వేళ్ళతో చూపించాను, ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

నేను కొత్త గీత గీసి, ఇన్నా పేరు రాయబోయాను. మొదటి అక్షరం రాశాక రైసా చెయ్యి కాగితం మీదికి వచ్చింది.

"ఇన్నా కాదు," అంది.

తల ఎత్తి చూశాను. కోపం లేదు ఆమె మొహంలో. నిద్ర చాలని మొహం, అంతే. ఆ పిల్ల భుజాన సంచీ మీద రెండు వీధుల అవతల ఉన్న ప్రభుత్వ బడి ముద్ర అప్పుడు చూశాను.

"వాళ్ళు ఈ బడి తలుపు బయట కూర్చోలేదు," అంది, లోపలికి పోతున్న ఏడుగురిని చూపించి. "ఇన్నా కూర్చుంది. అన్నీ విన్నది."

ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు. కూతురి రిబ్బను సరిచేసి, చెయ్యి పట్టుకుంది.

"ఆలస్యమవుతోంది. అక్కడ ఎనిమిదిన్నరకే గంట కొడతారు," అని చెప్పి, తల్లీకూతుళ్ళు ఇద్దరూ రోడ్డు దాటారు.